నల్ల తెర ముందు మొదటి నాలుగు రాత్రులు: షెల్ కమాండ్లు అసలు మొదటి నుంచి

మా పిన్ని కూతురు డిగ్రీ అవగానే ఒక ట్రైనింగ్‌లో చేరింది. మొదటి వారంలోనే "టెర్మినల్ తెరవండి" అన్నారట. ఆ రాత్రి ఫోన్ చేసి "అన్నా, అందరూ టకటకా కొట్టేస్తున్నారు, నాకు ఆ నల్ల తెర చూస్తేనే టెన్షన్‌గా ఉంది" అంది. తన తెర నాకు కనపడదు, నా తెర తనకు కనపడదు. అందుకని ఒక్కో అక్షరం నోటితో చెప్తూ, కొట్టాక ఏమొచ్చిందో తనతో చదివించుకుంటూ నాలుగు రాత్రులు నేర్పాను. అలా నేర్పినప్పుడే నాకు ఒక సంగతి బాగా తెలిసింది. షెల్ అంటే టెర్మినల్‌లో మనం కొట్టిన మాటని చదివి పని చేసిపెట్టే ప్రోగ్రాం. అందులో ఇబ్బంది కమాండ్లు గుర్తుండకపోవడం కాదు. మనం ఎక్కడ నిలబడి ఉన్నామో, మనం కొట్టే మాట దేని మీద పడుతుందో చూసుకోకుండా ఎంటర్ నొక్కడమే అసలు ఇబ్బంది. ఆ చూసుకునే అలవాటు మొదటి రోజే పడితే మిగతాదంతా మెల్లగా వచ్చేస్తుంది.

ఫోన్‌లో చెప్పినట్టే ఇక్కడా కమాండ్లను పలికే పద్ధతిలోనే రాశాను. "ఎల్ఎస్" అని ఉంటే మీరు కీబోర్డు మీద ఇంగ్లీషు ఎల్, ఆ పక్కనే ఎస్ నొక్కాలి, రెండూ చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కొడితే షెల్‌కి అది వేరే మాట. చుక్క, గీత, స్టార్ లాంటి గుర్తులు ఎలా కనిపిస్తే అలాగే కొట్టండి. ఖాళీ ఉన్న చోట ఖాళీ ఉండాలి, లేని చోట ఉండకూడదు. ఈ ఖాళీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ దీని వల్ల నాకు జరిగిన నష్టం కింద చెప్తాను.

ముందు తెర తెరుద్దాం

ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఉన్నవాళ్లు కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కితే చాలు. మ్యాక్‌లో కమాండ్ కీతో స్పేస్ నొక్కి టెర్మినల్ అని వెతకండి. విండోస్ 10 లేదా 11 అయితే పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ లైను కొట్టండి:

డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్

డౌన్‌లోడ్ అయ్యాక కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే విండోస్ లోపలే ఉబుంటు వచ్చి కూర్చుంటుంది. కొత్త యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా రావు, కీబోర్డు పాడైందని కంగారు పడకండి. అది లోపలికి వెళ్తూనే ఉంటుంది, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. మా చెల్లి ఇక్కడే పావుగంట ఆగిపోయింది.

లాప్‌టాప్ లేదా? ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి టెర్‌మక్స్ అనే యాప్ దింపుకోండి. ఈ వ్యాసంలో ఉన్నవి దాదాపు అన్నీ అందులో పని చేస్తాయి. నేర్చుకోవడానికి ఫోన్ చాలు, కాకపోతే బ్లూటూత్ కీబోర్డు ఉంటే చేతులకు సుఖం.

తెరవగానే ఒక లైను వచ్చి, చివర డాలర్ గుర్తు దగ్గర ఆగుతుంది (మ్యాక్‌లో శాతం గుర్తు ఉంటుంది). దాన్ని ప్రాంప్ట్ అంటారు. "నేను సిద్ధం, చెప్పు" అని దాని అర్థం. ఎక్కడైనా పాఠంలో లైను మొదట్లో డాలర్ గుర్తు కనిపిస్తే దాన్ని మీరు కొట్టకూడదు, అది ప్రాంప్ట్‌ని చూపించడానికి వేసిందే.

మాట కూర్చే పద్ధతి

తెలుగులో "ఈ ఫైలుని ఆ ఫోల్డర్‌లోకి జరుపు" అంటాం, క్రియ చివర వస్తుంది. షెల్‌లో క్రియ ముందు: జరుపు, ఈ ఫైలు, ఆ ఫోల్డర్. అంతే తేడా. మొదటి మాట ఎప్పుడూ చేయాల్సిన పని. తర్వాత అవసరమైతే ఆ పని ఎలా చేయాలో చెప్పే ఆప్షన్, అది ఎక్కువగా గీతతో మొదలవుతుంది. ఆ తర్వాత దేని మీద చేయాలో. ఏ కమాండ్ చూసినా దాన్ని ఇలా మూడు ముక్కలుగా విడదీసి చదవండి, సగం భయం అక్కడే పోతుంది.

ఈ కమాండ్లు ఇంత పొట్టిగా ఎందుకున్నాయని అడుగుతారు చాలామంది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల ముందు తెరలు లేవు, కాగితం మీద అచ్చు కొట్టే టెలిటైప్ యంత్రాలు ఉండేవి. ఆ కాలంలో బాగా వాడిన మోడల్ 33 సెకనుకు పది అక్షరాలు మాత్రమే అచ్చు వేయగలిగేది. అలాంటి యంత్రం మీద ఒక్క అక్షరం మిగిలినా లాభమే కదా. ఇప్పుడు మనం వాడేది లినక్స్ అయినా మ్యాక్ అయినా ఆ పొట్టి మాటలే మిగిలాయి.

నేను ఎక్కడున్నాను?

మొదటి కమాండ్ ఇది:

పీడబ్ల్యూడీ

రోడ్లు వేసే శాఖ పేరే కాబట్టి మన వాళ్లకి మర్చిపోవడం కష్టం. ఇప్పుడు మీరు ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉన్నారో చెప్తుంది. లినక్స్‌లో /హోమ్/మీపేరు లాంటిది వస్తుంది. ఏదైనా ముఖ్యమైన పని చేసే ముందు ఇది కొట్టి చూసుకోండి, రెండు సెకన్ల పని.

అక్కడ ఏమేం ఉన్నాయో చూడాలంటే:

ఎల్ఎస్

వివరంగా కావాలంటే ఎల్ఎస్ -ఎల్. ఒక్కో ఫైలు ఒక్కో లైనులో వస్తుంది, ఎంత సైజు, ఎప్పుడు మార్చారు, ఎవరిది అన్నీ ఉంటాయి. లైను మొట్టమొదటి అక్షరం డీ అయితే అది ఫోల్డర్, గీత అయితే మామూలు ఫైలు. చుక్కతో మొదలయ్యే పేర్లున్న ఫైళ్లు దాగి ఉంటాయి, వాటిని కూడా చూడాలంటే ఎల్ఎస్ -ఏ. రెండూ కలిపి ఎల్ఎస్ -ఎల్ఏ అనొచ్చు. నేను రోజూ వాడేది అదే.

ఇంకో చోటికి వెళ్లడానికి సీడీ, ఖాళీ, ఫోల్డర్ పేరు. ఇక్కడ రెండు రకాల చిరునామాలు ఉన్నాయని అర్థం చేసుకోవాలి. స్లాష్‌తో మొదలైతే అది పూర్తి చిరునామా, ఉత్తరం మీద రాసినట్టు, మీరు ఎక్కడున్నా ఒకే చోటికి చేరుస్తుంది. కాకపోతే మనం ఇంటి నంబరు నుంచి జిల్లా దాకా రాస్తాం, ఇక్కడ జిల్లా నుంచి ఇంటి నంబరు వైపు రాస్తారు. స్లాష్ లేకుండా మొదలైతే అది "పక్క సందులో రెండో ఇల్లు" లాంటిది. మీరు నిలబడిన చోటు మారితే అర్థం మారిపోతుంది. మొదట్లో వచ్చే తప్పుల్లో చాలా మటుకు ఈ రెండో రకం చిరునామా వల్లే వస్తాయి.

సీడీ .. అంటే ఒక మెట్టు పైకి. సీడీ - అంటే ఇందాక ఉన్న చోటికి వెనక్కి. ఒట్టి సీడీ కొడితే నేరుగా మీ ఇంటికి, అంటే మీ హోమ్ ఫోల్డర్‌కి. ~ గుర్తుకి అర్థం కూడా హోమ్ అనే. విండోస్‌లో ఉబుంటు పెట్టుకున్నవాళ్లకి సీ డ్రైవు /ఎంఎన్‌టీ/సీ దగ్గర దొరుకుతుంది.

ఇప్పుడు టాబ్ కీ గురించి, ఎందుకంటే నాకు ఇది అన్నిటికంటే ఇష్టం. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి టాబ్ నొక్కండి, మిగతాది షెల్ పూర్తి చేస్తుంది. ఒకే మొదలున్న పేర్లు రెండు మూడు ఉంటే మళ్లీ టాబ్ నొక్కితే అన్నీ చూపిస్తుంది. దీనివల్ల వేగం వస్తుందని అందరూ చెప్తారు, నేను మాత్రం వాడేది నమ్మకం కోసం. టాబ్ రెండుసార్లు నొక్కినా ఏమీ రాలేదంటే ఆ ఫైలు అక్కడ లేదన్నమాట, ఎంటర్ కొట్టకముందే తప్పు తెలిసిపోయింది.

సాధన కోసం ఒక గది

నేర్చుకునేటప్పుడు అసలు ఫైళ్ల మధ్య తిరగకండి. ఒక ఖాళీ ఫోల్డర్ చేసుకుని అందులోనే ఉండండి. ఫోల్డర్లకి, ఫైళ్లకి పేర్లు ప్రస్తుతానికి ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుందాం, ఎస్ఏడీహెచ్ఏఎన్ఏ అని. స్పెల్లింగ్ మీ ఇష్టం, కానీ ప్రతిసారీ అదే ఉండాలి. పేరు మధ్యలో ఖాళీ పెట్టొద్దు, పెడితే షెల్ దాన్ని రెండు పేర్లు అనుకుంటుంది. అలాంటి పాత ఫైలు ఎదురైతే పేరు మొత్తాన్ని కోట్స్ మధ్య పెట్టాలి.

ఎంకేడీఐఆర్ సాధన
సీడీ సాధన
పీడబ్ల్యూడీ

మొదటిది మేక్ డైరెక్టరీకి పొట్టి రూపం, కొత్త ఫోల్డర్ చేస్తుంది. కొట్టాక తెర మీద ఏమీ రాదు. మా చెల్లి కూడా "అన్నా, ఏమీ రాలేదు, ఏదో తప్పు చేశాను" అంది. ఏమీ రాకపోతేనే మంచిదమ్మా, పని అయిపోయినట్టు అన్నాను. షెల్ తప్పు జరిగితేనే మాట్లాడుతుంది, సజావుగా జరిగితే నోరు మెదపదు. ఈ మౌనానికి అలవాటు పడటానికి రెండు రోజులు పడుతుంది.

ఇప్పుడు ఒక ఫైలు రాద్దాం:

నానో సామెతలు

ఎన్ఏఎన్ఓ, ఇది చిన్న ఎడిటర్. అందులో ఈ ఐదు లైన్లు తెలుగులోనే రాయండి, లేదా వేరే చోట టైప్ చేసి తెచ్చి అతికించండి. లినక్స్ టెర్మినల్‌లో అతికించడానికి కంట్రోల్, షిఫ్ట్, వీ మూడూ కలిపి నొక్కాలి.

ఆడలేక మద్దెల ఓడు
పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం
కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు
ఇంట గెలిచి రచ్చ గెలవాలి
అడుసు తొక్కనేల కాలు కడగనేల

కంట్రోల్‌తో ఓ నొక్కి ఎంటర్ కొడితే సేవ్ అవుతుంది, కంట్రోల్‌తో ఎక్స్ నొక్కితే బయటికి వస్తుంది. తెర మీద ఒత్తులు, గుణింతాలు విడివిడిగానో ఒకదాని మీద ఒకటో కనిపిస్తే మీ తప్పు కాదు. చాలా టెర్మినల్స్ ఒక్కో గడిలో ఒక్కో అక్షరం పెట్టే పద్ధతిలో తయారయ్యాయి, మన లిపి ఆ గళ్లలో ఇమడదు. తెర మీద ఎలా కనిపించినా ఫైలులో మాత్రం సరిగ్గానే ఉంటుంది.

ఆరో సామెతని ఎడిటర్ తెరవకుండానే చేర్చొచ్చు:

ఎకో "పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు" >> సామెతలు

ఎకో అంటే ఈసీహెచ్ఓ, చెప్పిన మాటని తిరిగి చెప్తుంది. >> ఆ మాటని తెర మీద కాకుండా ఫైలు చివర రాయమంటుంది. ఇక్కడ బాణాలు రెండు ఉన్నాయని మళ్లీ ఒకసారి చూడండి. ఒకే బాణం పెడితే షెల్ ముందు ఫైలుని ఖాళీ చేసి, ఆ తర్వాత రాస్తుంది. పాత ఐదు లైన్లూ అడగకుండానే పోతాయి. రెండు బాణాలు చేర్చడానికి, ఒక బాణం తుడిచి రాయడానికి.

చూడటం, లెక్కపెట్టడం

క్యాట్ సామెతలు

సీఏటీ, పిల్లికి రాసే స్పెల్లింగే. ఫైలు మొత్తాన్ని తెర మీద పరుస్తుంది. చిన్న ఫైళ్లకి ఇది బాగుంటుంది, వేల లైన్ల ఫైలుకి లెస్ వాడండి (ఎల్ఈఎస్ఎస్). లెస్‌లో స్పేస్ కొడితే ముందుకి, బీ కొడితే వెనక్కి, బయటికి రావాలంటే క్యూ. హెడ్ అంటే తల, మొదటి పది లైన్లు చూపిస్తుంది. టెయిల్ అంటే తోక, చివరి పది. హెడ్ -ఎన్ 2 సామెతలు అంటే మొదటి రెండు మాత్రమే.

డబ్ల్యూసీ -ఎల్ కొడితే లైన్ల లెక్క వస్తుంది, మన ఫైలుకి 6 రావాలి. అదే డబ్ల్యూసీని తెలుగు మీద ఇంకోలా వాడి చూడండి:

ఎకో తెలుగు | డబ్ల్యూసీ -సీ
ఎకో తెలుగు | డబ్ల్యూసీ -ఎం

"తెలుగు" అన్న మాట మాత్రం తెలుగు లిపిలోనే కొట్టండి. మొదటిది బైట్లు లెక్కపెడుతుంది, 19 వస్తుంది. రెండోది అక్షరపు ముక్కలు లెక్కపెడుతుంది, 7 వస్తుంది. కంటికి కనిపించేవి మూడే అక్షరాలు. ఎందుకిలా? కంప్యూటర్ లోపల త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు ముక్కలుగా ఉంటుంది, లైను ముగిసిందని చెప్పే గుర్తు ఏడోది. తెలుగు ముక్క ఒక్కొక్కటీ యూటీఎఫ్-8 అనే, కంప్యూటర్‌లో అక్షరాల్ని దాచే పద్ధతిలో మూడు బైట్లు, ఆరు మూళ్లు పద్దెనిమిది, లైను గుర్తుకి ఒకటి, మొత్తం పంతొమ్మిది. నాకు ఇది మొదటిసారి అర్థమైన రోజు చాలా సంతోషం వేసింది, అప్పటిదాకా తెలుగు ఫైలు సైజు ఎందుకంత పెద్దదో తెలియలేదు. ఈ యూటీఎఫ్-8ని 1992లో రూపొందించింది బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన రాబ్ పైక్, కెన్ థాంప్సన్. యూనిక్స్ మొదలుపెట్టిన ఆ థాంప్సనే.

నకలు, జరపడం

సీపీ సామెతలు సామెతలు.బీఏకే

ఇప్పుడు రెండు ఫైళ్లు ఉన్నాయి, రెండోది నకలు. ఫోల్డర్ మొత్తాన్ని నకలు తీయాలంటే సీపీ -ఆర్. ఎంవీ అయితే జరుపుతుంది. పేరు మార్చడానికీ అదే, ఎందుకంటే షెల్ దృష్టిలో పేరు మార్చడమంటే పాత పేరు నుంచి కొత్త పేరుకి జరపడమే. రెండింటిలోనూ ఒకే ప్రమాదం ఉంది: గమ్యంలో ఆ పేరుతో అప్పటికే ఫైలు ఉంటే మాట్లాడకుండా దాని మీద రాసేస్తాయి. సీపీ -ఐ, ఎంవీ -ఐ అని కొడితే రాసే ముందు అడుగుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు -ఐ లేకుండా వీటిని వాడొద్దని నా గట్టి అభిప్రాయం.

తీసెయ్యడం, ఇక్కడ నెమ్మదించండి

ఆర్ఎం ఫైలుని తీసేస్తుంది. రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, పోతుంది. ఆర్ఎం -ఆర్ అయితే ఫోల్డర్, దాని లోపల ఉన్న సమస్తం.

మా నాయనమ్మకి వందల సామెతలు వచ్చు. ఆవిడ మంచం మీద కూర్చుని చెప్తుంటే నేను ఆరు నెలల పాటు సెలవు రోజుల్లో టైప్ చేశాను, ఒక్కో అక్షరానికి ఒక్కో ఫైలు, "అ"తో మొదలయ్యేవి ఒకటి, "క"తో మొదలయ్యేవి ఒకటి. మధ్యలో తీసిన నకళ్లు బీఏకే అనే తోకతో పేరుకుపోయాయి. వాటిని మాత్రమే తీసేద్దామని కూర్చున్నాను. స్టార్ గుర్తుకి "ఏ పేరైనా సరే" అని అర్థం కాబట్టి *.బీఏకే అంటే ఆ తోక ఉన్నవన్నీ. నేను కొట్టింది ఇది:

ఆర్ఎం * .బీఏకే

స్టార్‌కి, చుక్కకి మధ్య ఒక ఖాళీ పడింది. షెల్ దాన్ని రెండు మాటలుగా చదివింది: ఇక్కడున్న ఫైళ్లన్నీ తీసెయ్, ఆ తర్వాత .బీఏకే అనే ఫైలుని కూడా తీసెయ్. "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని ఒక లైను వచ్చింది. ఏదో పొరపాటు, మళ్లీ కొడదాం అనుకుని ఎల్ఎస్ కొట్టాను. ఏమీ లేదు. అసలు ఫైళ్లూ నకళ్లూ ఒకే ఫోల్డర్‌లో ఉండటంతో రెండూ కలిసి పోయాయి. నాయనమ్మ మళ్లీ చెప్పింది, కానీ మొదటిసారి చెప్పినవన్నీ రెండోసారి ఆవిడకి గుర్తు రాలేదు.

అప్పటి నుంచి నేను తప్పకుండా పాటించేది ఇది, మీరూ పాటించమని బతిమాలుతున్నాను. ఆర్ఎంతో స్టార్ వాడాలంటే ముందు అదే లైనుని ఎల్ఎస్‌తో కొట్టండి:

ఎల్ఎస్ *.బీఏకే

వచ్చిన జాబితాలో ఉన్నవే పోతాయి, కాబట్టి చదవండి, నిదానంగా. సరిగ్గా ఉంటే పై బాణం కీ నొక్కండి, అదే లైను తిరిగి వస్తుంది, ఎల్ఎస్ తీసి ఆర్ఎం -ఐ అని మార్చండి. లైను మళ్లీ మొదటి నుంచి టైప్ చేయొద్దు, కొత్త తప్పు దూరేది అప్పుడే. నకళ్లని వేరే ఫోల్డర్‌లో, ముఖ్యమైనవైతే వేరే డిస్కులో పెట్టండి. ఖాళీ ఫోల్డర్ తీయడానికి ఆర్ఎండీఐఆర్ ఉంది, లోపల ఏమైనా ఉంటే అది ఒప్పుకోదు, అందుకే నాకు దాని మీద నమ్మకం.

వెతకడం, పైపులు కలపడం

షెల్ నిజంగా ఎందుకు నేర్చుకోవాలో ఇక్కడ తెలుస్తుంది.

గ్రెప్ ఎలుక సామెతలు

జీఆర్ఈపీ. ఎలుక అన్న మాటని తెలుగు లిపిలోనే కొట్టండి, అది ఉన్న రెండు లైన్లు వస్తాయి. ఫైలులో ఒక చోట "ఎలుకకు" అని, ఇంకో చోట "ఎలుకను" అని ఉన్నా దొరికాయి, గ్రెప్ మాట మధ్యలో కూడా చూస్తుంది కాబట్టి. విభక్తులు మాటకి అతుక్కునే మన భాషకి ఇది చాలా కలిసొచ్చింది. కానీ "ఇల్లు" అని వెతకండి, ఇంట గెలిచి రచ్చ గెలవాలి అన్నది రాదు. విభక్తి చేరితే ఇల్లు ఇంటగా మారిపోయింది, గ్రెప్‌కి వ్యాకరణం తెలియదు. అలాంటప్పుడు రెండు రూపాలూ ఇవ్వాలి:

గ్రెప్ -ఈ "ఇల్లు|ఇంట" సామెతలు

ఇక్కడ గీత పక్కనున్న ఇంగ్లీషు ఈ మాత్రం పెద్ద అక్షరం, ఈ వ్యాసంలో కొట్టాల్సిన పెద్ద అక్షరం ఇదొక్కటే. గీత లాంటి | గుర్తుకి ఇక్కడ "లేదా" అని అర్థం. ఇంకో చిక్కు కూడా ఉంది. పొల్లు అక్షరం తర్వాత ఒత్తు పడకుండా ఆపడానికి కీబోర్డులు కంటికి కనపడని ఒక గుర్తు వేస్తాయి, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో. మీరు వెతికే మాటలో ఆ గుర్తు లేక ఫైలులో ఉంటే, కంటికి రెండూ దగ్గరగానే ఉన్నా గ్రెప్‌కి దొరకదు. అలాంటి చోట మాటలో మొదటి సగమే ఇచ్చి వెతకడం మేలు.

గ్రెప్ -ఎన్ లైను నంబరు చూపిస్తుంది. గ్రెప్ -వీ ఆ మాట లేని లైన్లని చూపిస్తుంది. గ్రెప్ -ఆర్ ఎలుక . అంటే ఈ ఫోల్డర్, దాని లోపలి ఫోల్డర్లు అన్నిట్లో వెతుకు అని, చివరి చుక్కకి "ఇక్కడ" అని అర్థం. గ్రెప్‌ని మొదట రాసిందీ థాంప్సనే. ఆయన మొదలుపెట్టిన కమాండ్ మన సామెతల్లో వెతకగలుగుతోందంటే, తర్వాత ఆయన చేయి పడిన యూటీఎఫ్-8 వల్లే. నాకు ఆ లైను కొట్టిన ప్రతిసారీ ఈ సంగతి గుర్తొస్తుంది.

ఇందాక డబ్ల్యూసీ దగ్గర | గుర్తు వాడాం, కోట్స్ బయట ఉన్నప్పుడు దాని పేరు పైప్. ఎడమ వైపు కమాండ్ నుంచి వచ్చిందాన్ని కుడి వైపు దానికి అందిస్తుంది, ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఇటుకలు అందించినట్టు. బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టడంతో 1973లో యూనిక్స్‌లోకి వచ్చింది.

గ్రెప్ ఎలుక సామెతలు | డబ్ల్యూసీ -ఎల్
సార్ట్ సామెతలు | హెడ్ -ఎన్ 3

మొదటిది 2 అని చెప్తుంది. రెండోది అక్షరమాల వరుసలో పేర్చి మొదటి మూడు చూపిస్తుంది: అడుసు, ఆడలేక, ఇంట. 

పేర్చింది అదే ఫైలులో పెట్టుకుందామని సార్ట్ సామెతలు > సామెతలు అని మాత్రం ఎప్పుడూ కొట్టకండి. సార్ట్ చదవడం మొదలుపెట్టక ముందే షెల్ ఆ ఫైలుని ఖాళీ చేసేస్తుంది, ఖాళీ ఫైలుని పేర్చి ఖాళీ ఫైలే ఇస్తుంది. ఎప్పుడైనా వేరే పేరు ఇవ్వండి.

ఇరుక్కుపోతే

ఏదో కొట్టారు, ప్రాంప్ట్ తిరిగి రావడం లేదు. కంట్రోల్‌తో సీ నొక్కండి, జరుగుతున్న పని ఆగుతుంది. ఇక్కడ అది కాపీ చేయడానికి కాదు. లైను మొదట్లో > గుర్తు వచ్చి కూర్చుంటే మీరు ఎక్కడో కోట్ తెరిచి మూయలేదన్నమాట, దానికీ కంట్రోల్ సీయే. క్యాట్ కొట్టి ఫైలు పేరు మరిచిపోతే అది మీరు టైప్ చేస్తారని ఎదురు చూస్తూ ఉంటుంది, దానికీ అదే. ఏ కీ నొక్కినా అక్షరం కనపడకపోతే పొరపాటున కంట్రోల్ ఎస్ నొక్కి ఉంటారు, కంట్రోల్ క్యూ నొక్కితే తెర కదులుతుంది.

తప్పు సందేశాలు తిట్లు కావు, చదవండి. "నో సచ్ ఫైల్" అంటే పేరు తప్పు, లేదా మీరు అనుకున్న చోట లేరు, పీడబ్ల్యూడీ కొట్టండి. "కమాండ్ నాట్ ఫౌండ్" అంటే మొదటి మాట స్పెల్లింగ్ చూసుకోండి. "పర్మిషన్ డినైడ్" అంటే ఆ ఫైలు మీద మీకు అధికారం లేదు. ఎక్కడో చూసి దాని ముందు ఎస్‌యూడీఓ తగిలించి మళ్లీ కొట్టేస్తుంటారు చాలామంది. సుడో అంటే మొత్తం కంప్యూటర్ తాళాలు ఆ ఒక్క లైనుకి ఇవ్వడం. లైనులో ప్రతి మాటకీ అర్థం మీకు తెలియకపోతే ఇవ్వకండి.

ఏ కమాండ్ గురించైనా తెలుసుకోవాలంటే మ్యాన్, ఖాళీ, కమాండ్ పేరు. మాన్యువల్‌లో మొదటి మూడక్షరాలు. బయటికి రావడానికి క్యూ. మొత్తం చదవక్కర్లేదు, స్లాష్ కొట్టి మీకు కావాల్సిన ఆప్షన్ వెతుక్కోండి. పాతవి గుర్తు రాకపోతే హిస్టరీ అని కొడితే మీరు ఇంతకుముందు కొట్టినవి వస్తాయి, కంట్రోల్ ఆర్ నొక్కి రెండక్షరాలు కొడితే వాటిలో వెతుకుతుంది.

నాలుగో రాత్రి మా చెల్లికి ఇచ్చిన పని

సాధన ఫోల్డర్‌లోనే ఉన్నారని పీడబ్ల్యూడీతో చూసుకుని ఈ రెండు లైన్లూ చూడకుండా కొట్టడానికి ప్రయత్నించండి, రాకపోతే చూసి కొట్టండి:

గ్రెప్ -వీ ఎలుక సామెతలు | సార్ట్ > మిగిలినవి
డబ్ల్యూసీ -ఎల్ మిగిలినవి

4 రావాలి. మొదటి లైనులో అడుసు తొక్కనేల ఉండాలి, హెడ్ -ఎన్ 1తో చూడండి. 6 వస్తే ఎలుక దొరకలేదన్నమాట, ఫైలులో "యెలుక" అని రాశారేమో చూసుకోండి. 5 వస్తే నానోలో ఎక్కడో ఒక ఖాళీ లైను వదిలేశారు, లేదంటే రెండు ఎలుకల్లో ఒకదానికే స్పెల్లింగ్ తేడా పడింది. మా చెల్లికి 1 వచ్చింది. ఫోన్‌లో కాసేపు మాట్లాడకుండా ఉండి, పై బాణం నొక్కుకుంటూ తన పాత లైన్లన్నీ ఒక్కొక్కటే చదువుకుంది. "అన్నా, ఎకో దగ్గర ఒక బాణమే పెట్టాను" అని తనే చెప్పింది, ఆ వెంటనే సీపీ -ఐ సామెతలు.బీఏకే సామెతలు అని తనే కొట్టి, అడిగితే వై అని చెప్పింది. నకలు ఎకో కొట్టక ముందు నిన్న తీసింది కాబట్టి అందులో ఐదు లైన్లే ఉన్నాయి. ఆరోది రెండు బాణాలతో మళ్లీ చేర్చింది.